లండన్‌లో సరోజిని

1895వ సంవత్సరంలో హైదరాబాదు నుండి పదహారేండ్ల బాలిక ఒకతె ఇంగ్లండుకు పయనమైంది. ఆనాడు సముద్రయానమంటే వారాల తరబడి సాగే పని. సముద్రం దాటిన మగవారినే కొన్ని కులాలవారు వెలివేస్తున్న రోజులవి. పెళ్ళికాని ఆడపిల్లను చదువుకోసం ఖండాంతరాలకు పంపే తల్లిదండ్రులు దేశమంతటా వెదకినా బహుకొద్దిమంది. ఆ బాలిక పేరు సరోజినీ చటోపాధ్యాయ. తరువాతి కాలంలో సరోజినీ నాయుడుగా లోకప్రసిద్ధి పొందినది ఈమెయే.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించింది. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయుడు వంగదేశీయుడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాన అత్యున్నత పట్టం పొంది, హైదరాబాదు వచ్చి, నేటి నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయాన్ని తీర్చిదిద్దినవాడు. చాందా రైలుమార్గం వ్యవహారంలో సర్కారు విధానాన్ని ఎదిరించినందుకు 1883లో కొంతకాలం ఆయన నగర బహిష్కారానికి గురైనాడు. తల్లి వరదసుందరీ దేవి వంగభాషలో గేయాలు అల్లేది. ఆ దంపతుల ఎనిమిదిమంది సంతానంలో సరోజిని పెద్దది. ఆ ఇంటి తలుపులు ఎప్పుడూ మూసి ఉండేవి కావు. పండితులు, ఫకీరులు, సంస్కర్తలు, రసవాదులు, యాచకులు వచ్చిపోతూనే ఉండేవారు. పరాయివారి ఇళ్ళలో ఇట్టే కలిసిపోయే నేర్పు సరోజినికి ఆ ఇంటి నుండే అబ్బింది.

ఇంగ్లీషు మాత్రం ఆమెకు తేలికగా అబ్బలేదు. చిన్ననాట ఆ భాషలో మాట్లాడనని ఆమె మొండికేసింది. తొమ్మిదేండ్ల వయస్సులో తండ్రి కోపగించి ఒకనాడు ఆమెను గదిలో ఒంటరిగా ఉంచి తలుపు వేశాడు. బయటికి వచ్చిన తరువాత ఆ పిల్ల తండ్రితో ఇంగ్లీషు తప్ప మరొక భాష మాట్లాడలేదు. తల్లి మాత్రం ఆమెతో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేది. ఈ విధంగా శిక్షగా వచ్చిన భాషే ఆమె కవితాభాష కావడం విచిత్రం. ఆమెను గణితశాస్త్రజ్ఞురాలినో విజ్ఞానవేత్తనో చేయాలని తండ్రి కోరిక. పదకొండేండ్లప్పుడు బీజగణితంలో ఒక లెక్క ఎంతకూ తెమలక నిట్టూరుస్తూ కూర్చున్న వేళ ఆమెకు లెక్కకు జవాబు రాలేదు గాని, ఒక పద్యం దానంతటదే వచ్చింది. పన్నెండవ ఏట మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో నెగ్గి ఆమె దేశమంతటా పేరు పొందింది. పదమూడవ ఏట ఆరు దినాలలో పదమూడు వందల పంక్తుల కావ్యం రాసింది.

ఇంతటి పిల్లను ఇంగ్లండుకు పంపడానికి చదువొక్కటే కారణం కాదు. నిజాం సర్కారు కొలువులో ఉన్న డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడు అనే తెలుగు యువకుని ఆమె ప్రేమించింది. ఆయన వయస్సులో సుమారు పదేండ్లు పెద్ద. కులం వేరు, భాష వేరు. ఎంత సంస్కరణాభిలాషి అయినా తండ్రి మనస్సు వెంటనే అంగీకరింపలేదు. అప్పటికి ఆమె వయస్సు పదిహేను మాత్రమే. నిజాం ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ ఆమె ప్రతిభను మెచ్చి విద్యార్థివేతనం మంజూరు చేయడంతో, కొన్నేండ్లు దూరంగా ఉంటే పిల్ల మనస్సు మారుతుందని పెద్దలు తలచారు. మనస్సు మారలేదు. కాని ఆ ప్రవాసం ఆమె కవిత్వాన్ని మార్చివేసింది.

ఆనాటి లండన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. వీధులలో గుర్రపు బస్సులు, బాడుగబండ్లు ఒకదానినొకటి ఒరసుకొంటూ పరుగెత్తేవి. భూమి క్రింద ఆవిరి రైళ్ళు పొగ చిమ్ముతూ నడిచేవి. శీతకాలంలో పొగమంచు కమ్మితే మధ్యాహ్నమే దీపాలు వెలిగేవి. నాటకశాలలు, పుస్తకాల అంగళ్ళు, పత్రికా కార్యాలయాలు, చిత్రకారుల గదులు, వీటన్నిటి నడుమ కవులు, విమర్శకులు గుంపులుగా చేరి కొత్త సాహిత్యాన్ని గూర్చి తెల్లవారేదాకా వాదించుకొనేవారు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రచనలు లండన్ రంగస్థలాన్ని కుదిపివేస్తున్న కాలమది.

కొత్తగా వచ్చిన పిల్లకు ఈ మహానగరంలో ఆసరా అయినది ఎలిజబెత్ మానింగ్ అనే వృద్ధురాలు. నేషనల్ ఇండియన్ అసోసియేషన్ అనే సంఘానికి ఆమె కార్యదర్శిని. ఇంగ్లండు వచ్చిన భారతీయ విద్యార్థుల మంచిచెడ్డలు చూడడం, వారికి ఆంగ్లేయులతో పరిచయాలు కలిగించడం ఆమె వ్రతంగా పెట్టుకొన్నది. ఆమె సంరక్షణలో సరోజిని కింగ్స్ కాలేజీలో చేరింది. నాటక విమర్శకుడు విలియం ఆర్చర్ వంటి ప్రముఖులతో సరోజినికి పరిచయమైంది. ఆ పరిచయాలలో అన్నిటికంటె విలువైనది ఎడ్మండ్ గాస్ స్నేహం.

గాస్ అప్పటికి నలభై అయిదు దాటిన కవి, విమర్శకుడు. ఆయన ఒక మంచిమాట రాస్తే కొత్త కవికి ప్రచురణకర్తల తలుపులు తెరుచుకొనేవి. ఆదివారాలలో ఆయన ఇంట సాహిత్యకారులు చేరడం లండన్‌లో అందరికీ తెలిసిన సంగతి. అటువంటి ఇంటికి సరోజిని అతిథిగా వెళ్ళి, కొద్ది కాలానికే ఆ కుటుంబానికి ఆప్తురాలైంది. ఆమె పాండిత్యం, చురుకుదనం, లోకజ్ఞానం గాస్ దంపతులను ఆశ్చర్యపరచాయి. ఆ వయస్సు ఇంగ్లీషు పిల్లలతో పోల్చడానికి కూడా వీలులేని పిల్ల అని ఆయన తలచాడు. ఆమె గుట్టుగా ఇంగ్లీషు పద్యాలు రాస్తున్నదని తెలిసినప్పుడు చూపించుమని పట్టుబట్టి అడిగాడు. సిగ్గుపడుతూ ఆమె తన రాతప్రతుల కట్ట ఆయన చేతిలో పెట్టింది.

ఒంటరిగా కూర్చుని ఆ కట్ట విప్పిన గాస్‌కు ఆశాభంగం కలిగింది. ఛందస్సు నిర్దుష్టం, వ్యాకరణం నిర్దుష్టం, భావాలలో వేలెత్తి చూపదగినది ఏదీ లేదు. లేనిదల్లా రాసినవారి ముఖం. అందులోని పక్షులు రాబిన్లు, స్కైలార్కులు. అందులోని ఊళ్ళలో ఆదివారం ఉదయాన చర్చిగంటలు మ్రోగుతున్నాయి. టెన్నిసన్, షెల్లీ కవితల ప్రతిధ్వనులే ప్రతి పుటలోనూ వినిపించాయి. చార్మినారు నీడలో పెరిగిన పిల్ల, ఇంగ్లండు పల్లెటూరిలో పుట్టిన పాదరి కూతురివలె రాసింది.

గాస్ మాట దాటవేయవచ్చు. దూరదేశం నుండి వచ్చిన అతిథి, చిన్నపిల్ల, పైగా ఆరోగ్యం అంతంతమాత్రం. నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పి పంపితే ఆయన సొమ్మేమీ పోదు. చాలామంది అదే చేసి ఉండేవారు. ఆయన అట్లా చేయలేదు. ఈ దొంగ ఇంగ్లీషు ధోరణిలో రాసినదంతా చెత్తబుట్టలో వేయవలసిందని ఉన్నమాట చెప్పాడు. ఇంగ్లీషు కవులను అనుకరించే యంత్రం కావద్దన్నాడు. ఆమె పుట్టిన దక్కను నేలలోని పూలు, చెట్లు, కొండలు, గుళ్ళు, అక్కడి మనుష్యులు, వారి నమ్మకాలు, వారి భయాలు కవిత్వంలోకి రావాలని, అటువంటి కవితలను చదవాలని తమ వంటివారికి ఆశగా ఉన్నదని వివరించాడు.

ఆ పూట సరోజిని మనస్సు ఎంత నొచ్చుకొన్నదో ఊహించుకోవలసిందే. ఆరేడేండ్ల సాధన ఒక్క మాటతో తుడిచిపెట్టుకొని పోయింది. కాని ఆమె అలగలేదు, వాదించలేదు. ఆ పద్యాలను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. నాటి నుండి ఆమె కలం నుండి వెలువడిన కవితలలో పల్లకీ మోసే బోయీలు, మగ్గం ముందు కూర్చున్న నేతగాండ్రు, కోరమాండల్ తీరపు జాలరులు, పాములవాండ్రు, ఊరూరా తిరిగే గాయకులు కనబడసాగారు. కళ్ళముందున్నంతకాలం కవితలోకి రాని హైదరాబాదు, వేల మైళ్ళ దూరాన, పొగమంచు పట్టిన కిటికీ ప్రక్కన కూర్చున్నప్పుడు వచ్చింది.

గాస్ సలహాలో ఒక చిక్కు కూడా ఉన్నదని చెప్పక తప్పదు. ఆయన కోరిన భారతదేశం, ఇంగ్లీషు పాఠకునికి వింతగా, రంగురంగులుగా కనిపించే భారతదేశం. నేతగాని చేతిలో మెరిసే వస్త్రం ఆమె కవితలో ఉంటుంది, అతని అప్పు అంతగా కనబడదు. తరువాతి తరం విమర్శకులు ఆమె కవిత్వాన్ని అలంకారప్రాయమని తప్పుపట్టడానికి ఇదే కారణం. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయినా పదహారేండ్ల వయస్సులో అరువు గొంతును వదిలించుకొనడం చిన్న విషయం కాదు. ఆ గొంతుతోనే ఆమె కొనసాగి ఉంటే ఈనాడు ఆ పద్యాలను తలచుకొనేవారు ఉండరు.

లండన్‌లో ఆమెకు లభించిన మరొక మిత్రుడు ఆర్థర్ సైమన్స్. ఫ్రెంచి కవిత్వపు కొత్తపోకడలను ఇంగ్లండుకు పరిచయం చేసిన యువకవి. గాస్ గురువు వంటివాడైతే సైమన్స్ చెలికాడు. గది నిండా మనుష్యులు మాట్లాడుకొంటూ ఉంటే, మెత్తని పట్టు వస్త్రాలు ధరించి, నల్లని జుట్టు వీపు మీద జారవిడిచి, చిన్నపిల్లవలె కనబడుతూ ఒక మూల మౌనంగా కూర్చున్న ఆమె రూపం ఆయన మనస్సులో నిలిచిపోయింది. ఆమె తక్కువగా, మెల్లగా మాట్లాడేదట. ముందు ముందు వేలాదిమంది సభికులను ఉర్రూతలూగించబోయే మహావక్త ఆమెయే అని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. కవి యేట్స్ తండ్రి, చిత్రకారుడు అయిన జాన్ బట్లర్ యేట్స్ ఆమె రేఖాచిత్రం గీశాడు.

కింగ్స్ కాలేజీ నుండి ఆమె కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలకు మారింది. స్త్రీలు అక్కడ చదవవచ్చు, పరీక్షలు రాయవచ్చు, కాని వారికి పట్టాలు లేవు. వారికి పట్టాలిచ్చే ప్రతిపాదనను 1897లో విశ్వవిద్యాలయం ఓటువేసి తిరస్కరించింది. 1948 వరకు ఆ నియమం మారలేదు. సరోజినికి తరగతిగది చదువు మీద మనస్సు నిలువలేదు. ఆరోగ్యం కూడా సహకరించలేదు. కొంతకాలం ఇటలీ, స్విట్జర్లాండులలో గడిపి, 1898 సెప్టెంబరులో పట్టా లేకుండానే హైదరాబాదు తిరిగివచ్చింది.

ఆ డిసెంబరులోనే మద్రాసు నగరంలో బ్రాహ్మసమాజ పద్ధతిలో ఆమె వివాహం గోవిందరాజులు నాయుడుతో జరిగింది. దగ్గరుండి జరిపించినవాడు కందుకూరి వీరేశలింగం పంతులు. వితంతు వివాహాలు జరిపించి సనాతనుల కోపాన్ని ఎదుర్కొన్న ఆ పెద్దమనిషికి ఈ కులాంతర, భాషాంతర వివాహం కొత్త సాహసమేమీ కాదు. తండ్రి అఘోరనాథుడు కూడా ఆశీర్వదించాడు. వంగదేశపు బిడ్డ ఈ విధంగా తెలుగింటి కోడలైంది.

హైదరాబాదులో ఆమె సంసారం హాయిగా సాగింది. జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని నలుగురు పిల్లలు. పిల్లలను పెంచుతూ, వచ్చేపోయేవారికి ఆతిథ్యమిస్తూ, తీరిక వేళల కవితలు రాసి లండన్ మిత్రులకు పంపేది. అవి అచ్చు వేయదగినవని ఆమెకు నమ్మకం కలుగలేదు. సైమన్స్ పట్టు విడువలేదు. ఆయన ప్రోత్సాహంతో 1905లో లండన్‌లోని హైనమన్ సంస్థ ఆమె మొదటి సంపుటి గోల్డెన్ త్రెషోల్డ్‌ను ప్రచురించింది. పీఠిక రాసినది సైమన్స్. లోపలి చిత్రం పెద్ద యేట్స్ గీసినది. అంకితం పొందినవాడు గాస్. బంగారు గడపకు తనకు మొదట దారి చూపినది ఆయనే అని ఆమె అందులో చెప్పుకొన్నది. చెత్తబుట్ట దారి చూపిన విమర్శకునికి కవయిత్రి ఇంతకంటె చెల్లించవలసిన ఋణం ఏముంటుంది? 1912లో వెలువడిన రెండవ సంపుటి బర్డ్ ఆఫ్ టైంకు గాస్ స్వయంగా పీఠిక రాసి, ఆ పాత కథనంతా చెప్పాడు.

ఈ నడుమ 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసింది. సరోజిని వరదబాధితుల నడుమ పనిచేసింది. ఆ సేవకు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ దారుణం తరువాత ఆమె దానిని తిరిగి ఇచ్చివేసింది. మూసీ ఒడ్డున ఆమె చూసినది కవితలలోని రంగుల హైదరాబాదు కాదు. అదే కాలంలో గోపాలకృష్ణ గోఖలే స్నేహం ఆమెను ప్రజాజీవితం వైపు నడిపించసాగింది. ఆమె ప్రతిభను, జీవితాన్ని దేశానికి అంకితం చేయవలసిందని పూనాలో ఒకనాటి సాయంకాలం ఆయన కోరాడు.

1914లో ఆమె మళ్ళీ లండన్‌లో ఉన్నది. ఈసారి చదువు కోసం కాదు, చికిత్స కోసం. గోఖలే కూడా ఆ రోజులలో అక్కడే ఉన్నాడు. ఆయన ఆరోగ్యం అప్పటికే బాగా చెడింది. జబ్బుపడిన ఇద్దరు మిత్రులు పరాయినగరంలో ఒకరినొకరు పలకరించుకొంటూ, దేశం సంగతులు చెప్పుకొంటూ గడిపారు. పాడే పక్షికి రెక్క విరగడమేమిటని గోఖలే ఆమెను అడిగాడు. ఆ ప్రశ్న ఆమెను వెంటాడింది. ఆమె మూడవ సంపుటి పేరు బ్రోకెన్ వింగ్ అనగా విరిగిన రెక్క. ఆ ప్రశ్నకు ఆమె కవితలో ఇచ్చిన జవాబు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నది.

ఆ ఆగస్టు మాసంలో గోఖలే పిలుపు మీద ఒక అతిథి దక్షిణాఫ్రికా నుండి లండన్ వచ్చాడు. దారిలో, నడిసముద్రం మీద ఉండగా, యూరపులో యుద్ధం ప్రారంభమైంది. 6వ తేదీన ఓడ దిగేసరికి గోఖలే లండన్‌లో లేడు. ఆరోగ్యం కోసం ఫ్రాన్సు వెళ్ళి, యుద్ధం వల్ల దారులు మూసుకొనిపోగా అక్కడే చిక్కుపడ్డాడు. ఆ అతిథి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆయన పేరు అందరూ విన్నదే గాని, మనిషిని చూసినవారు లండన్‌లో తక్కువ.

ఓడ దిగినప్పుడు ఎదురు వెళ్ళలేకపోయిన సరోజిని, మరునాడు ఆయన బసను వెదకుకొంటూ బయలుదేరింది. కెన్సింగ్టన్ ప్రాంతంలో ఎవరికీ అంతగా తెలియని వీధి. పాతబడిన ఇల్లు. నిటారైన మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉన్నది. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వాన్నే లొంగదీసిన మహావీరుడు ఎట్లా ఉంటాడో అని ఊహించుకొంటూ వచ్చిన ఆమెకు కనిపించినది, గుండు చేయించుకొన్న ఒక చిన్నపాటి మనిషి. నేల మీద జైలు కంబళి పరచుకొని కూర్చున్నాడు. చేతిలో జైలులోనిదే కొయ్యగిన్నె. అందులో టొమాటోలు పిసికి ఆలివ్ నూనె కలిపిన భోజనం. చుట్టూ సొట్టలు పడిన డబ్బాలు. వాటిలో వేయించిన వేరుసెనగ గింజలు, అరటిపిండితో చేసిన చప్పిడి బిస్కత్తులు.

సరోజిని పకపక నవ్వింది. ఆయన తలెత్తి చూసి తానూ నవ్వాడు. ఇంత ధైర్యంగా నవ్వగలిగినది శ్రీమతి నాయుడే అయి ఉండాలని గుర్తుపట్టి, వచ్చి తనతో భోజనం చేయవలసిందని ఆహ్వానించాడు. అటువంటి తిండి తనవల్ల కాదని ఆమె నిర్మొహమాటంగా చెప్పివేసింది. ఈ విధంగా ఒక నవ్వుతో, ఒక తిరస్కారంతో మొదలైన స్నేహం ముప్పది మూడేండ్లకు పైగా, గాంధీజీ కన్నుమూసేవరకు సాగింది. దేశమంతా ఆయనను మహాత్ముడని చేతులెత్తి మ్రొక్కుతున్న రోజులలో కూడా ఆయన చెవులను చూసి మిక్కీమౌస్ అని పిలిచే చనువు ఆమె ఒక్కదానికే ఉండేది. ఆయన తిండిని గూర్చిన పరిహాసం కూడా ఆమె ఎన్నడూ మానలేదు.

ఆగస్టు 8వ తేదీన సెసిల్ హోటలులో గాంధీ దంపతులకు స్వాగత సభ జరిగింది. సరోజినితో పాటు జిన్నా, లజపతిరాయ్, ఆనంద కుమారస్వామి ఆ సభలో ఉన్నారు. తరువాతి చరిత్ర వీరిని ఎన్ని దారులలోకి తీసుకొనిపోయిందో తలచుకొంటే, ఒకే కప్పు క్రింద వారందరూ కూర్చున్న ఆ సాయంకాలం వింతగా తోస్తుంది.

యుద్ధకాలంలో లండన్ రూపు మారిపోయింది. లైసియం అనే మహిళాసంఘం సైనికుల కోసం బట్టలు కుట్టించే పని చేపట్టింది. సభ్యురాలైన సరోజిని ఆ పనిలో దిగింది. గాంధీజీ గాయపడిన సైనికులకు సేవచేసే భారతీయ దళాన్ని కూడగడుతున్నాడు. ఆమె ఒకనాడు కత్తిరించి సిద్ధం చేసిన బట్టల కుప్ప తెచ్చి ఆయన ముందు పడవేసి, కుట్టించి ఇవ్వవలసిందని చెప్పింది. ఆయన మిత్రులను కూడగట్టి, ప్రథమ చికిత్స శిక్షణ పొందుతూనే, కుట్టించగలిగినన్ని కుట్టించి ఇచ్చాడు. ముందు ముందు ఆయన చెప్పిన పనులు ఆమె ఎన్నో చేసింది. మొదటి పని మాత్రం ఆమె చెప్పగా ఆయన చేసినదే.

స్వదేశానికి చేరిన కొద్దికాలానికే, 1915 ఆరంభంలో, ఆమెను వెంటవెంటనే రెండు దుఃఖాలు తాకాయి. జనవరిలో తండ్రి గతించాడు. ఫిబ్రవరి 19న గోఖలే కన్నుమూశాడు. 1917లో విరిగిన రెక్క వెలువడింది. ఆమె బ్రతికి ఉండగా వచ్చిన కొత్త కవితల సంపుటాలలో అదే చివరిది. పూర్తిగా రాయడం మానలేదు గాని కవిత్వం వెనుకపట్టు పట్టింది. గాస్ కనిపెట్టిన గొంతు ఇక వేదికల మీద వినిపించసాగింది. ఇది కవిత్వానికి నష్టమా, దేశానికి లాభమా అని లెక్కలు వేసేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆమె మాత్రం ఆ లెక్క వేసుకొన్నట్లు కనబడదు.

1917లో స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ భారతమంత్రి మాంటేగును మద్రాసులో కలిసిన మహిళల బృందానికి ఆమె నాయకత్వం వహించింది. 1919లో అదే కోరికతో లండన్ వెళ్ళి పార్లమెంటు సంఘం ఎదుట వాదించింది. 1920లో ఆ నగరంలోనే కింగ్స్‌వే హాలు సభలో, పంజాబులో స్త్రీలకు జరిగిన అవమానాలను ఆంగ్లేయుల ముఖం మీదనే ఎత్తి చూపింది. మాంటేగు ఆక్షేపించినా వెనుదీయలేదు. గది మూల మౌనంగా కూర్చున్న పిల్లను చూసిన నగరం అది. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షురాలైంది. ఆ పదవి పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. 1928లో అమెరికా పర్యటనకు వెళ్ళింది. 1930లో గాంధీజీ అరెస్టయిన తరువాత ధరాసనలో ఉప్పు సత్యాగ్రహాన్ని నడిపి జైలుకు వెళ్ళింది.

1931 సెప్టెంబరులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ వెళ్ళినప్పుడు ఆమె కూడా ప్రతినిధిగా వెళ్ళింది. తొలిసారి ఈ నగరంలో అడుగు పెట్టి అప్పటికి ముప్పది ఆరేండ్లు. గుర్రపు బండ్లు పోయి మోటారు బస్సులు వచ్చాయి. వృద్ధురాలు మానింగ్ 1905లోనే గతించింది. గాస్ 1928లో మరణించాడు. గాంధీజీ పెద్ద హోటళ్ళు కాదని, తూర్పు లండన్‌లో పేదలు నివసించే పేటలో మ్యూరియల్ లెస్టర్ నడుపుతున్న కింగ్స్‌లీ హాలులో బస చేశాడు. సెప్టెంబరు 22న కానింగ్ టౌనులో ఒక భారతీయ వైద్యుని ఇంట చలనచిత్ర నటుడు చార్లీ చాప్లిన్ గాంధీజీని కలుసుకొన్నాడు. వీధి నిండా జనం. ఆనాటి ఛాయాచిత్రంలో ఆ ఇద్దరి సరసన చీర కట్టుకొన్న సరోజిని కనబడుతుంది. కెన్సింగ్టన్ మెట్లెక్కి కొయ్యగిన్నెను చూసి నవ్విన నాటి నుండి పదిహేడేండ్లు గడిచాయి.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లో సరోజిని సంయుక్త రాష్ట్రాలకు గవర్నరైంది. 1949 మార్చి 2వ తేదీన లక్నోలో పరమపదించింది. హైదరాబాదు నాంపల్లిలో ఆమె నివసించిన ఇంటికి, గాస్‌కు అంకితమైన ఆ తొలి సంపుటి పేరే నిలిచింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మొదటి తరగతులు ఆ గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే నడిచాయి.